ఫస్ట్ డౌన్ రాగానే మళ్లీ మధ్యలోకేనా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి చదివే యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆటలకు మూడేళ్లుగా సీజన్ టికెట్లు కొంటున్నాను. జట్టు పేరు దయచేసి వేయొద్దు. మా గోడు ఒక్కటే. పది గజాలు ముందుకెళ్లడానికి నాలుగు అవకాశాలు, ఒక్కోటి ఒక డౌన్. మావాళ్లు ఫస్ట్ డౌన్‌లో బంతి పట్టుకుని మధ్యలోకి పరిగెత్తే రన్, సెకండ్ డౌన్‌లో మళ్లీ రన్, థర్డ్ అండ్ సెవెన్‌లో (మూడో డౌన్, ఇంకా ఏడు గజాలు కావాలి) బంతి విసిరే పాస్, ఆ తర్వాత బంతి అవతలికి తన్నేసే పంట్. సెప్టెంబర్‌లో తెనాలి నుంచి మా నాన్నగారు వచ్చారు. ఈ ఆట ఆయన ముందెప్పుడూ చూడలేదు. మూడో మ్యాచ్‌కల్లా బంతి కదలకముందే ‘ఇదిగో, మళ్లీ మధ్యలో దూరతాడు చూడు’ అంటున్నారు, వాడు దూరుతున్నాడు. ‘పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ అన్నట్టుందిరా మీ ఆట’ అన్నారు. ఆయనకే తెలిసిపోతుంటే అవతలి కోచ్‌లకు తెలియదా? మావాడైతే ఆటగాళ్ల ఇన్‌స్టాగ్రామ్‌లో కామెంట్లు పెట్టేదాకా వచ్చాడు. మా కోపంలో న్యాయం ఉందా? ఉంటే మేం చేయగలిగింది ఏమైనా ఉందా? నవంబర్ ఆఖర్లో నాన్నగారు వెళ్లిపోతారు. వచ్చే ఏడాది టికెట్లు మానేయమంటారా?

సమాధానం: మీ కోపంలో న్యాయం ఉండొచ్చు. కానీ ‘ఫస్ట్ డౌన్‌లో ఎప్పుడూ రన్నే’ అన్నంత మాత్రాన నేరం రుజువు కాదు. మీవాళ్లు రన్ ఎక్కువ ఆడతారని తెలిసినంత మాత్రాన డిఫెన్స్‌కి, అంటే అడ్డుకునే జట్టుకి, ఒరిగేది తక్కువ. ఫలానా మనుషులు ఫలానా వరసలో నిలబడితే వచ్చేది రన్నే అని తెలిస్తేనే లాభం. అప్పుడు లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ముందు వరస వెనక నిలబడేవాడు) బంతి కదలకముందే ఒక అడుగు ముందుకు వేసేస్తాడు. ఆ ఒక్క అడుగుతో నాలుగు గజాల రన్ కాస్తా ఒక గజం అవుతుంది. ఆ అడుగుకి కారణం ఎక్కడుందో మీరు పట్టుకోవాలి.

ఆట ముందే తెలియడం వేరు, తెలిసినందువల్ల ఓడడం వేరు. 2023 నవంబర్ 11న పెన్ స్టేట్ యూనివర్సిటీ మైదానంలో మిషిగన్ యూనివర్సిటీ జట్టు ఆడిన ఆట చూడండి. హెడ్ కోచ్ జిమ్ హార్బా సస్పెన్షన్‌లో ఉంటే షెరోన్ మూర్ జట్టును నడిపించాడు. అధికారిక లెక్కలో మిషిగన్ వరసగా 32 రన్‌లు ఆడింది. రెండో సగంలో లెక్కలోకి వచ్చిన పాస్ ఒక్కటీ లేదు. స్టేడియంలో ఉన్న లక్షమందికి పైగా జనంలో వచ్చేది రన్ అని తెలియనివాళ్లు లేరు. అయినా 24-15తో గెలిచింది మిషిగనే. మర్నాడు ఉద్యోగం పోయింది పెన్ స్టేట్ ఆఫెన్సివ్ కోఆర్డినేటర్ (బంతి చేతిలో ఉన్నప్పుడు ఏం ఆడాలో చెప్పే కోచ్) మైక్ యుర్సిచ్‌కి. 2024లో ఆర్మీ జట్టు కూడా అంతే. వెస్ట్ పాయింట్ (అమెరికా సైనిక అకాడమీ) వాళ్లు రన్ ఆడతారని చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ ఏడు వాళ్లు 12 గెలిచి 2 ఓడారు, అమెరికన్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్ అనే కాలేజీ లీగ్ టైటిల్ పట్టుకెళ్లారు. బంతి అందుకుని ఆట నడిపే క్వార్టర్‌బ్యాక్ బ్రైసన్ డైలీ ఒక్కడే పరుగుతో 32 టచ్‌డౌన్‌లు చేశాడు. కబడ్డీలో డూ ఆర్ డై రైడ్‌కి వెళ్లేవాడు పాయింట్ కోసమే వస్తున్నాడని ఎదుటి ఏడుగురికీ తెలుసు. అయినా మంచి రైడర్ తెచ్చుకుంటాడు, ఎందుకంటే ఏ కాలు వస్తుందో, ఏ మూలకి వస్తుందో వాళ్లకి తెలియదు.

రెండో వైపు ఉదాహరణ ఐయోవా యూనివర్సిటీ. మీలాంటి అభిమానులు దేశంలో అందరికంటే ఎక్కువ బాధపడింది అక్కడేనని నా అభిప్రాయం. కర్క్ ఫెరెంజ్ 1999 నుంచి హెడ్ కోచ్. అప్పట్లో ఆయన కొడుకు బ్రయన్ ఆఫెన్సివ్ కోఆర్డినేటర్. 2023 సీజన్‌కి ముందు కొడుకు కాంట్రాక్టు మార్చి, జీతం 50 వేల డాలర్లు తగ్గించి, మ్యాచ్‌కి సగటున 25 పాయింట్లు రావాలని షరతు రాశారు. డిఫెన్స్ చేసిన పాయింట్లు కూడా అందులో కలుపుకోవచ్చు. అయినా వచ్చింది 15.4. జట్టు ఆరు గెలిచి రెండే ఓడి ఉండగానే, అక్టోబర్ 30న, సీజన్ తర్వాత బ్రయన్ ఉండడని యూనివర్సిటీ ప్రకటించింది. 10 మ్యాచ్‌లు గెలిచిన ఆ జట్టే కాన్ఫరెన్స్ ఫైనల్లో 26-0తో, సీజన్ చివరి మ్యాచ్ అయిన సిట్రస్ బౌల్‌లో 35-0తో ఓడింది.

అయితే ఆ ఏడు అసలు క్వార్టర్‌బ్యాక్ మోకాలి గాయంతో సెప్టెంబర్ ఆఖర్లోనే వెళ్లిపోయాడు. మంచి టైట్ ఎండ్‌లు (లైన్ పక్కన నిలబడి అడ్డుకుంటూ, పాస్‌లు కూడా పట్టేవాళ్లు) ఇద్దరూ గాయపడ్డారు. మరోపక్క పంటర్ టోరీ టేలర్ ఆ సీజన్‌లో 4,479 గజాలు తన్ని రికార్డు రాశాడు. అలాంటి పంటర్, గట్టి డిఫెన్స్ చేతిలో ఉంటే ఏ కోచ్‌కైనా ‘తప్పు చేయకుండా బంతి అవతలికి తన్నేద్దాం’ అనే బుద్ధి పుడుతుంది. 2024లో కొత్త కోఆర్డినేటర్ టిమ్ లెస్టర్ వచ్చాక సగటు 27.7కి పెరిగింది. పాస్‌లు పెంచి మాత్రం కాదు. రన్నింగ్ బ్యాక్ కేలెబ్ జాన్సన్ 1,537 గజాలు పరిగెత్తాడు. జట్టు అప్పటికీ రన్ మీదే బతికింది, కాకపోతే ఆ రన్‌ల ముందు వెనుక కట్టిన ముస్తాబు మారింది. మీరు మీ జట్టులో వెతకాల్సింది ఆ ముస్తాబునే.

లెక్క తీయడానికి ఒక నోటుబుక్, నాలుగు మ్యాచ్‌ల రికార్డింగ్ చాలు. ఒక మ్యాచ్‌లో మీ జట్టు 65 నుంచి 70 సార్లు బంతి ఆడుతుంది. రికార్డింగ్ ఆపుకుంటూ రాస్తే మ్యాచ్‌కి రెండు గంటలు పడుతుంది. ఒక్క మ్యాచ్ చాలదా అంటే చాలదు. ఫస్ట్ అండ్ టెన్‌లు ఒక మ్యాచ్‌లో 28 దాకా వస్తాయి. నిజంగా 60 శాతం రన్ ఆడే జట్టుకి వాటిలో 17 రన్‌లు రావాలి, కానీ ఏ తప్పూ లేకుండానే ఒకరోజు 20, ఇంకోరోజు 14 పడతాయి. నాలుగు మ్యాచ్‌లు కలిపితే ఆ ఊగిసలాట సగానికి తగ్గుతుంది. అవతలి జట్టు సిబ్బంది కూడా మామూలుగా మీవాళ్ల చివరి మూడు నాలుగు మ్యాచ్‌లే విప్పి చూస్తారు.

పేజీకి ఎనిమిది గడులు గీయండి. డౌన్, దూరం. బంతి ఏ గజం గీత మీద ఉంది. బంతి ఎడమ హ్యాష్ (మైదానం పొడవునా ఉండే చిన్న గీతల వరస) మీదుందా, కుడి హ్యాషా, నడుమా. మైదానంలో ఏ మనుషులున్నారు. క్వార్టర్‌బ్యాక్ ఎక్కడ నిలబడ్డాడు. బాక్స్‌లో (అదేమిటో కింద చెబుతాను) డిఫెన్స్ వాళ్లు ఎంతమంది. ఏం ఆడారు. ఎన్ని గజాలు వచ్చాయి. మనుషుల గడిలో కోచ్‌లు వాడే రెండంకెల సంఖ్యే వాడండి. మొదటి అంకె రన్నింగ్ బ్యాక్‌లు, రెండోది టైట్ ఎండ్‌లు. క్వార్టర్‌బ్యాక్, ముందు వరసలో అడ్డుకునే ఐదుగురు లైన్‌మెన్ పోగా ఉండే ఐదుగురిలో మిగిలినవాళ్లు పాస్‌లు పట్టే వైడ్ రిసీవర్లు. 11 అంటే ఒక బ్యాక్, ఒక టైట్ ఎండ్, ముగ్గురు రిసీవర్లు. 12 అంటే ఇద్దరు టైట్ ఎండ్‌లు, ఇద్దరే రిసీవర్లు. క్వార్టర్‌బ్యాక్ సెంటర్ (బంతి అందించే లైన్‌మన్) వెనకే ఆనుకుని ఉంటే ‘అం’ (అండర్ సెంటర్), నాలుగైదు గజాలు వెనక ఉంటే ‘షా’ (షాట్‌గన్). మీ పుస్తకంలో ఒక వరస ఇలా ఉంటుంది: 1-10, సొంత 25, ఎడమ, 12, అం, బా8, ర, +2.

హ్యాష్ గడి అనవసరం అనుకోవద్దు. కాలేజీ మైదానంలో రెండు హ్యాష్‌ల మధ్య దూరం 40 అడుగులు, ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. మైదానం వెడల్పు 160 అడుగులు కాబట్టి కాలేజీలో బంతి హ్యాష్ మీదుంటే ఒకపక్క 60 అడుగులు, ఇంకోపక్క 100 అడుగులు మిగులుతాయి. చాలా జట్లు తెలియకుండానే ఎప్పుడూ విశాలమైన వైపే స్క్రీన్ అనే పొట్టి పాస్ వేస్తాయి, ఇరుకు వైపే రన్ పెడతాయి. రన్, పాస్ సరిసమానంగా ఉన్నా, వైపు తెలిసిపోతే ఫలితం ఒక్కటే.

రాసేటప్పుడు జనం ఎక్కువగా పొరబడేది శాక్‌ల దగ్గర. క్వార్టర్‌బ్యాక్‌ని విసరకముందే వెనకే పడేస్తే అది శాక్, కాలేజీ గణాంకాల్లో అది రన్ కింద పడుతుంది, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాస్ కింద పడుతుంది. అతను విసరబోయి, దారి లేక పరిగెత్తినా రన్ అనే రాస్తారు. ఐదు శాక్‌లు, నాలుగు పరుగులు ఉన్న రోజు బాక్స్ స్కోర్‌లో (మ్యాచ్ అధికారిక లెక్కల పట్టికలో) 40 రన్‌లు కనబడితే, కోఆర్డినేటర్ నిజంగా పిలిచినవి 31. ఆ తొమ్మిదీ మీ పుస్తకంలో పాస్‌లుగా రాయండి. మోకాలు ఆనించి గడియారం నడిపినవి, బంతి నేలకేసి కొట్టినవి వదిలేయండి. ప్రతి సగంలో చివరి రెండు నిమిషాలు, నాలుగో క్వార్టర్లో తేడా 17 దాటిన తర్వాతి ఆట కూడా వదిలేయండి. అప్పుడు ఏం ఆడాలో గడియారమే చెబుతుంది.

ఆర్‌పీఓకి (రన్-పాస్ ఆప్షన్) వేరే గుర్తు పెట్టండి, ‘ఆ’ అని. అది రన్నూ పాసూ రెండూ కలిపి పంపే కాల్. ఒక డిఫెండర్‌ని చూసి ఇవ్వాలో విసరాలో క్వార్టర్‌బ్యాక్ అప్పటికప్పుడు తేల్చుకుంటాడు. దాన్ని గుర్తుపట్టాలంటే లైన్‌మెన్‌ని చూడండి. బంతి గాల్లో ఉన్నా వాళ్లు రన్‌కి లాగా ముందుకు తోసుకుపోతుంటే అది ఆర్‌పీఓ. పాస్ విసిరే వేళకి వాళ్లు గీత దాటి మూడు గజాలకు మించి వెళ్లకూడదని కాలేజీ నియమం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. ఈ ఆట కాలేజీల్లో అంతగా పండడానికి అదొక కారణం. ఆర్‌పీఓలో ఎక్కువసార్లు బంతి బ్యాక్‌కే వెళ్తోందంటే కోఆర్డినేటర్ పట్టుదలనుకోకండి. పాస్ దారిని డిఫెన్స్ కావాలనే మూసి, రన్ తీసుకోమని వదులుతోందేమో చూడండి.

నాలుగు మ్యాచ్‌లు రాశాక మొత్తం శాతం పట్టుకుని కూర్చోకండి. థర్డ్ అండ్ వన్‌లో రన్, థర్డ్ అండ్ ట్వెల్వ్‌లో పాస్ ఎవరైనా ఆడతారు. కోఆర్డినేటర్‌కి స్వేచ్ఛ ఉండేది ఫస్ట్ అండ్ టెన్‌లోనూ, సెకండ్ డౌన్‌లో నాలుగు నుంచి ఏడు గజాలు మిగిలినప్పుడూ. వాటిని మనుషుల సంఖ్యని బట్టి విడగొట్టండి. ఉదాహరణకి ఫస్ట్ డౌన్‌లు వందకి 64 రన్‌లు వచ్చాయనుకుందాం. అదేమంత ఘోరం కాదు. విడగొడితే 12 మనుషులతో, క్వార్టర్‌బ్యాక్ అండర్ సెంటర్ ఉన్న 40లో 37 రన్‌లు, 11 మనుషులతో షాట్‌గన్‌లో ఉన్న 60లో 27 రన్‌లు కనబడ్డాయనుకోండి. మీ జట్టు చిల్లు అక్కడుంది. రెండో టైట్ ఎండ్ సైడ్‌లైన్ నుంచి నడిచి వస్తున్నాడంటే వచ్చేది రన్ అని అవతలివాళ్లకి టముకు వేసి చెప్పినట్టే. ఒక వరసలో ఒకే ఆట నాలుగింట మూడుసార్లు దాటితే డిఫెన్స్ దాన్ని గమనిస్తుంది, పదింట తొమ్మిది దాటితే దాని మీద పందెం కాస్తుందని నా అంచనా. సెకండ్ అండ్ టెన్‌ని విడిగా చూడండి. ఫస్ట్ డౌన్ పాస్ నేలపాలైతే భయపడి వెంటనే రన్ పిలవడం కోచ్‌లకు పాత జబ్బు. డిఫెన్స్‌లకు ఆ జబ్బు బాగా తెలుసు.

దాని పక్కనే ఫలితం రాయాలి. ఫస్ట్ డౌన్‌లో కావాల్సిన దూరంలో సగం, సెకండ్ డౌన్‌లో 70 శాతం, థర్డ్, ఫోర్త్ డౌన్‌లలో పూర్తి దూరం వస్తే ఆ ఆట నెగ్గినట్టు లెక్క. కాలేజీ ఆటని లెక్కలతో చూసేవాళ్లు చాలామంది ఈ కొలతే వాడతారు. పైన చెప్పిన 37 రన్‌లలో సగం నెగ్గితే మీరు నోరు మెదపనక్కర్లేదు, మీ జట్టు ఆ రోజు మిషిగన్ చేసిన పనే చేస్తోంది. పది పన్నెండే నెగ్గితే మీ నాన్నగారు చెప్పిందే నిజం.

బాక్స్ గడి కూడా అప్పుడే చూడండి. బాక్స్ అంటే లైన్‌మెన్‌కీ టైట్ ఎండ్‌కీ ఎదురుగా, ఆరేడు గజాల లోతులోపు నిలబడ్డ డిఫెన్స్ వాళ్లు. 11 మనుషులతో ఆడితే అడ్డుకునేవాళ్లు ఐదుగురు లైన్‌మెన్, ఒక టైట్ ఎండ్, మొత్తం ఆరుగురు. ఎదురుగా ఆరుగురే ఉంటే రన్ న్యాయమే. ఏడుగురుంటే ఒకడు మిగిలిపోతాడు, వాణ్ని క్వార్టర్‌బ్యాక్ చూపుతోనో పరుగు బెదిరింపుతోనో కట్టేయాలి. ఎనిమిది మందిలోకి ఏ బెదిరింపూ లేకుండా మధ్యలోకి పంపితే అది కోచింగ్ తప్పు. నాలుగు మ్యాచ్‌ల్లో అలాంటివి ఎన్నున్నాయో లెక్కపెట్టండి. మీ వాదనకి అంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

అలాంటప్పుడు స్నాప్ (సెంటర్ బంతి అందించే క్షణం) వేళకి ప్లే క్లాక్ (ఆట మొదలుపెట్టడానికి ఇచ్చే గడువు గడియారం) ఎంత ఉందో కూడా మార్జిన్‌లో రాయండి. 2024 నుంచి పై శ్రేణి కాలేజీ జట్లకి కోచ్ మాట ఆటగాడికి వినిపించే హెల్మెట్ రేడియో వచ్చింది. 40 సెకన్ల గడియారం 15కి చేరగానే అది ఆగిపోతుంది. జట్టు 12 సెకన్లప్పుడు వచ్చి నిలబడితే ఎదురుగా ఎనిమిది మంది ఉన్నారని స్టేడియం పైనున్న బూత్‌లోంచి చూసే కోచ్ రేడియోలో చెప్పలేడు. ప్రతిసారీ ఒకటి రెండు సెకన్లు మిగిలినప్పుడే బంతి కదులుతుంటే ఇంకో నష్టం కూడా ఉంది, డిఫెన్సివ్ లైన్‌కి స్నాప్ ఎప్పుడో తెలిసిపోతుంది. మీవాళ్ల ఆట ముందే తెలిసిపోవడానికి కాల్ కాకుండా ఆలస్యమే కారణమై ఉండొచ్చు.

ఇక కంటికి కనబడే గుర్తులు. మీ నాన్నగారు పట్టుకున్నది వీటిలో ఒకటే అయి ఉంటుంది. లైన్‌మన్ మూడు ఆనికల మీద వంగినప్పుడు నేల మీదున్న చేతి వేళ్లు చూడండి. రన్ అయితే బరువంతా ముందుకు వేస్తాడు, వేళ్ల కణుపులు తెల్లబడతాయి, పిరుదులు పైకి లేస్తాయి. పాస్ అయితే బరువు మడమల మీద ఉంటుంది, చెయ్యి నేలని ఊరికే తాకుతుంది. బాగా నేర్పిన లైన్ రెండిటికీ ఒకేలా వంగుతుంది, అలసిపోయిన లైన్ నాలుగో క్వార్టర్‌కి దొరికిపోతుంది. షాట్‌గన్‌లో రన్నింగ్ బ్యాక్ క్వార్టర్‌బ్యాక్‌కి ఎడమపక్క ఉంటే ఇన్‌సైడ్ జోన్ అనే రన్ సాధారణంగా అతని ముందునుంచి దాటి కుడికి వెళ్తుంది. ఆ బ్యాక్ ఎటు నిలబడితే దానికి ఎదురువైపే ప్రతిసారీ రన్ వెళ్తోందంటే, పాస్‌లకి మాత్రం అర గజం ముందుకు జరుగుతున్నాడంటే, డిఫెన్స్ చూడాల్సింది అతని మడమలే. ఇంకొకటి, బంతి రాదని తెలిసిన రిసీవర్ మొదటి రెండడుగులు ఈడ్చుకుంటూ వేస్తాడు. ఆ బద్ధకం చూసి అతన్ని కాసే కార్నర్‌బ్యాక్ రన్ వైపు పరిగెడతాడు.

వీటన్నిటికీ మందు ఎక్కువ పాస్‌లు కాదు. ప్రతి రన్‌కీ దానిలాగే మొదలయ్యే ఒక జంట ఆట ఉండాలి. అవుట్‌సైడ్ జోన్ అనే బయటివైపు రన్ ఎడమకి ఆడే జట్టునే తీసుకోండి. ఐదుగురు లైన్‌మెన్ ఎడమకి ఒక్కటిగా అడుగేస్తారు, క్వార్టర్‌బ్యాక్ ఎడమకి తిరిగి బ్యాక్‌కి బంతి చాపుతాడు. నాలుగైదుసార్లు ఇది చూసిన లైన్‌బ్యాకర్లు ఎడమకి పరిగెడుతుంటారు, వెనకపక్క ఉన్న డిఫెన్సివ్ ఎండ్ కూడా బ్యాక్‌ని వెనకనుంచి తరుముతాడు. సరిగ్గా అదే అడుగులతో, అదే చేతి చాపుతో మొదలుపెట్టి, బంతి ఇవ్వకుండా నడుం దగ్గర దాచి క్వార్టర్‌బ్యాక్ కుడికి తిరిగితే దాన్ని బూట్‌లెగ్ అంటారు. అప్పటిదాకా ఎడమవైపు అడ్డుకుంటున్నట్టు నటించిన టైట్ ఎండ్ లైన్ వెనకనుంచి జారి కుడివైపు తేలతాడు. లైన్‌బ్యాకర్ తప్పు దిశలో వేసిన రెండడుగులే అతనికి దొరికే ఖాళీ.

మీ పుస్తకంలో ఇప్పుడు వెతకాల్సింది, అలా మూడు రన్‌లకొక జంట కనబడుతోందా, కనబడితే ఎప్పుడు అన్నది. ఫస్ట్ అండ్ టెన్‌లో వాడితే పని చేస్తుంది. థర్డ్ అండ్ నైన్‌లో బ్యాక్‌కి బంతి చాపినట్టు నటిస్తే నమ్మేవాడు లేడు. పైగా ఆ నటనకి పోయిన సెకను క్వార్టర్‌బ్యాక్ మీదికి వస్తుంది. ‘ముందు రన్ చాలాసార్లు ఆడితే గానీ ప్లే యాక్షన్ (రన్ ఇచ్చినట్టు నటించి విసరడం) పారదు’ అని టీవీ వ్యాఖ్యాతలు చెప్పే మాట పట్టించుకోకండి, ఎన్‌ఎఫ్‌ఎల్ లెక్కలు తవ్వినవాళ్లకి ఆ సంబంధం కనబడలేదు. లైన్‌బ్యాకర్ కదిలేది ఎదురుగా ఉన్న లైన్‌మన్ అడుగుని చూసి. ఎన్ని రన్‌లు ఆడారో గుర్తుపెట్టుకుని కాదు.

మొదటి రెండు డ్రైవ్‌లని (బంతి చేతికొచ్చిందగ్గర్నుంచి పోయేదాకా ఆడే వరసలని) మిగతావాటితో పోల్చడం మరువకండి. చాలామంది కోఆర్డినేటర్లు మొదటి 15 ఆటలు ముందే రాసుకొస్తారు. ఆ కాసేపు రకరకాలుగా ఆడి, మూడో డ్రైవ్ నుంచి పాత పాట ఎత్తుకుంటే వారమంతా తయారీ బాగుంది, మైదానంలో మార్చుకోవడం రావట్లేదని అర్థం. మొదటినుంచీ అంతే అయితే అది హెడ్ కోచ్ విధానం. అప్పుడు కోఆర్డినేటర్‌ని మార్చినా పెద్ద తేడా రాకపోవచ్చు.

కోఆర్డినేటర్ పక్షాన ఒక సంగతి తప్పకుండా చూడాలి, అది పాస్ రక్షణ. క్వార్టర్‌బ్యాక్ విసరడానికి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ రెండున్నర సెకన్లలోపు ఎవరైనా మీదికి వచ్చారా లేదా రాయండి. మూడింట ఒక వంతు దాటి వస్తుంటే ఆయన బలహీనమైన లైన్‌ని దాచుకుంటున్నాడు. అప్పుడు ఫస్ట్ డౌన్ రన్ భయం కాదు, అవసరం. ఆ పరిస్థితిలో అడగాల్సింది లోతైన పాస్‌లు కాదు. స్క్రీన్లు, మూడడుగుల్లో వదిలేసే పాస్‌లు, బూట్‌లెగ్‌లు ఉన్నాయా అన్నది అడగాలి.

మీ అబ్బాయి విషయంలో మాత్రం ఏ లెక్కా అక్కర్లేదు. ఆ కామెంట్లు ఈరోజే తీసేయించండి. రన్ పిలిచేది బూత్‌లోనో సైడ్‌లైన్‌లోనో ఉన్న పెద్దవాళ్లు. ఎనిమిది మందిలోకి దూరి దెబ్బలు తినేది మీవాడి ఈడు పిల్లాడు, రేపు అదే క్లాసులో కూర్చోవచ్చు. అతనికి ఆ కాల్ కాదనే హక్కు చాలాసార్లు ఉండదు. మీవాడికి అంత ఆవేశం ఉంటే బాక్స్ లెక్కపెట్టే పని అప్పగించండి, రికార్డింగ్ ఆపి ఆపి చూడడానికి కుర్ర కళ్లు కావాలి.

చెప్పాల్సింది చెప్పడానికి దారులున్నాయి. చాలా యూనివర్సిటీల్లో హెడ్ కోచ్‌కి వారానికొక రేడియో కార్యక్రమం ఉంటుంది, అభిమానుల ప్రశ్నలు తీసుకుంటారు. సీజన్ తర్వాత టికెట్ కొన్నవాళ్లకి సర్వేలు వస్తాయి. ‘ఇంత చెత్తగా ఎందుకు ఆడుతున్నారు’ అంటే ‘ఇంకా మెరుగుపడాలి’ అనే జవాబొస్తుంది. ‘రెండు టైట్ ఎండ్‌లతో అండర్ సెంటర్ ఉన్నప్పుడు ఫస్ట్ డౌన్‌లో 40కి 37 రన్‌లు ఆడారు, వాటిలో 11 నెగ్గాయి, ఆ వరస నుంచి ప్లే యాక్షన్ ఎందుకు రావట్లేదు’ అని అడిగితే జవాబు చెప్పక తప్పదు. టికెట్ల సంగతి పునరుద్ధరణ గడువు వచ్చేదాకా ఆపండి. చివరి నాలుగు మ్యాచ్‌ల లెక్క మొదటి నాలుగింటితో పోల్చి, చిల్లు పూడకపోతే మానేయండి. మానేస్తూ ఆ ఒక్క పేజీ అథ్లెటిక్ విభాగానికి పంపండి. కారణం రాసిన ఉత్తరానికి ఖాళీ సీటు కంటే విలువ ఎక్కువ.

మీ నాన్నగారిని కూడా ఒకసారి పరీక్షించాలి. ఆయన తప్పు చెప్పినవి మీకు గుర్తుండవు, ఒప్పు చెప్పినవే గుర్తుంటాయి. వచ్చే మ్యాచ్‌లో ప్రతి స్నాప్‌కి ముందు రన్నా పాసా అని ఆయన చేత చెప్పించి రాయండి. మీ జట్టు 60 శాతం రన్ ఆడుతుంటే కళ్లు మూసుకుని ప్రతిసారీ రన్ అన్నా 65కి 39 ఒప్పవుతాయి. ఆయన 50 దాటితే మాత్రం నిజంగా ఏదో చూస్తున్నారు. చూశారని తేలితే ‘ఏం చూసి చెప్పావు నాన్నా’ అని ఆట అయ్యాక కాకుండా అక్కడికక్కడే అడగండి. లోపలికి నడిచొచ్చిన భారీ మనిషినా, క్వార్టర్‌బ్యాక్ ముందుకు వచ్చి నిలబడడమా, బ్యాక్ మడమలా? మీకు కనబడనిది ఆయనకి కనబడి ఉండొచ్చు. సైడ్‌లైన్ పక్కన కింది వరస సీట్లలోంచి బాక్స్ లెక్క తెలియదు, మనుషులు ఒకరి వెనక ఒకరు దాక్కుంటారు. వీలైతే ఒక్క మ్యాచ్‌కి ఎండ్ జోన్ (మైదానం చివర) వెనక పై అంతస్తులో సీట్లు మార్చుకుని, మీ స్టేడియం నియమాలు ఒప్పుకుంటే చిన్న బైనాక్యులర్ ఒకటి ఆయన చేతికివ్వండి.